‘హూ’, ‘విచ్’ వాక్యాలలో చిన్న మాటల పెద్ద పని
విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక ఇంగ్లీషు పాఠం



స్కాలర్‌షిప్ ప్రకటన చేతికి రాగానే మనం ముందుగా చూసేవి రెండు: సొమ్ము ఎంత, చివరి తేదీ ఎప్పుడు. ఆ రెండూ అంకెలు కనుక వాటి దగ్గర పొరపాటు తక్కువ. పొరపాటు జరిగేది నిబంధనల దగ్గర. నిబంధనలలో చాలా భాగం ఒకే అచ్చులో ఉంటుంది. ఫలానా కోర్సులో చేరిన విద్యార్థులు, తప్పక పంపవలసిన పత్రాలు, తిరిగి కట్టవలసిన సొమ్ము, ఇంటర్వ్యూకు పిలిచే అవకాశం ఉన్నవారు... ఇలా ఒక మనిషినో వస్తువునో ఫలానా అని గుర్తుపట్టించే మాటలే అన్నీ.

ఇంగ్లీషులో ఈ పని చేసే వాక్యభాగాన్ని రిలేటివ్ క్లాజ్ అంటారు. హూ, విచ్, దట్ అనే మాటలతో అది మొదలవుతుంది. దానిలో రెండు రకాల చిన్న మాటలు దాగి ఉంటాయి. ఒకటి కెన్, మే, మస్ట్, షుడ్, షల్ వంటి మోడల్ వెర్బులు. రెండవది ఫిల్ ఇన్, పే బ్యాక్, డ్రాప్ అవుట్ వంటి ఫ్రేజల్ వెర్బులలో చివర ఉండే ఇన్, బ్యాక్, అవుట్. చూడటానికి చిన్నవే. కాని ఒక పని తప్పనిసరా, వీలైతే చేసేదా, చేయకూడనిదా అని తేల్చేవి ఇవే.

ఈ పాఠంలో ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాలలోనే ఇచ్చాము. ఇంగ్లీషు లిపి రాని అమ్మమ్మ, తాతయ్య కూడా పిల్లల పక్కన కూర్చుని చదివించగలరు. పిల్లలు మాత్రం ప్రతి వాక్యాన్నీ నోటు పుస్తకంలో ఇంగ్లీషు లిపిలో రాసుకోవాలి.

1. మన భాషలో వివరణ ముందు, పేరు వెనుక

‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్న మాట చూడండి. ‘నిన్న వచ్చిన’ అనేది వివరణ. ‘అబ్బాయి’ అనేది పేరు. తెలుగులో వివరణ ముందు వస్తుంది, పేరు తరువాత వస్తుంది. ‘వచ్చిన’ వంటి మాటను మన వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం అంటారు. అంటే క్రియ నుండి పుట్టిన విశేషణం అన్నమాట.

ఇంగ్లీషులో ఇది తలకిందులు. పేరు ముందు, వివరణ వెనుక. ‘ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’. ముందు అబ్బాయిని నిలబెట్టి, ఆ తరువాత ‘హూ’ అనే కొక్కెం తగిలించి, దానికి వివరణ వేలాడదీస్తారు.

మనలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఇంకొక భాష చదువుతారు. ఆ భాషను బట్టి కష్టం కొంచెం మారుతుంది. హోసూరు, కోయంబత్తూరు వైపు తమిళం చదివేవారికి ‘వంద పైయన్’, బళ్ళారి, కోలారు వైపు కన్నడం చదివేవారికి ‘బంద హుడుగ’ తెలిసినవే. అవి తెలుగు అచ్చులోనే ఉన్నాయి. రాయవలసిన అనడానికి తమిళంలో ‘ఎళుద వేండియ’, కన్నడంలో ‘బరెయబేకాద’ అంటారు. అక్కడ కూడా వివరణ ముందే వస్తుంది. అంటే ఈ పిల్లలకు ఇంటి భాష, బడి భాష రెండూ ఒక దారి, ఇంగ్లీషు ఒక్కటే వేరే దారి.

షోలాపూరులో మరాఠీ చదివేవారికి ‘జో ముల్‌గా ఆలా, తో’ అనే పద్ధతి, బరంపురంలో ఒడియా చదివేవారికి ‘జేఉఁ పిలా ఆసిలా, సే’ అనే పద్ధతి అలవాటు. ‘ఎవరైతే వచ్చారో, వారు’ అని మనం తెలుగులో అన్నట్టు. ఇక్కడ ‘హూ’కు దగ్గరగా ఉండే ఒక మాట ఉంది కనుక కొంత సులువు. కాని ఒక ప్రమాదం ఉంది. మరాఠీలో ‘తో’, ఒడియాలో ‘సే’, తెలుగులో ‘వారు’ తిరిగి వచ్చినట్టు ఇంగ్లీషులో తిరిగి రాకూడదు.

తప్పు: ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే, హి ఈజ్ మై కజిన్.
ఒప్పు: ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై కజిన్.

యానాంలో తెలుగే చదివే పిల్లలయినా, ముంబయిలో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలయినా, ఇంట్లో తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పేరు ముందు, వివరణ వెనుక. ఈ పాఠమంతా దీని మీదే నడుస్తుంది.

2. మోడల్ వెర్బు: తెలుగులో మాటలో కలిసిపోతుంది, ఇంగ్లీషులో విడిగా నిలుస్తుంది

తెలుగులో చేయగలగడం, చేయవలసి ఉండటం, చేయకూడకపోవడం అన్నీ ఒకే మాటలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో వాటిని విడదీసి చెప్పాలి. ఈ జంటలను బిగ్గరగా చదవండి.

రాయగల విద్యార్థి: ది స్టూడెంట్ హూ కెన్ రైట్
రాయలేని విద్యార్థి: ది స్టూడెంట్ హూ కెనాట్ రైట్
మీరు రాయవలసిన ఉత్తరం: ది లెటర్ విచ్ యూ మస్ట్ రైట్
మనం చేయకూడని తప్పు: ఎ మిస్టేక్ విచ్ వుయ్ షుడ్ నాట్ మేక్
మీరు పంపనవసరం లేని పత్రం: ఎ డాక్యుమెంట్ విచ్ యూ నీడ్ నాట్ సెండ్

ఇక్కడ మూడు నియమాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది: మోడల్ వెర్బు తరువాత వచ్చే క్రియ మూలరూపంలోనే ఉండాలి. ‘ది గర్ల్ హూ సింగ్స్’ అన్నప్పుడు ‘స్’ ఉంటుంది. ‘ది గర్ల్ హూ కెన్ సింగ్’ అన్నప్పుడు ఆ ‘స్’ పోతుంది. ‘హూ కెన్ సింగ్స్’ అనేది తప్పు.

రెండవది: కెన్, మే, మస్ట్, షుడ్, షల్, విల్ అనే వాటి తరువాత ‘టు’ రాకూడదు. ‘హూ మస్ట్ టు అటెండ్’ తప్పు. ‘హూ మస్ట్ అటెండ్’ ఒప్పు. అయితే అదే అర్థం ఇచ్చే ‘హ్యావ్ టు’, ‘ఆట్ టు’ అనే వాటిలో ‘టు’ తప్పక ఉండాలి: ‘హూ హ్యాజ్ టు అటెండ్’.

మూడవది మన పిల్లలు ఎక్కువగా తడబడే చోటు. ‘జతపరచవలసిన పత్రాలు’ అంటాము. పత్రాలు తమంతట తాము జతపరచుకోవు, ఎవరో జతపరచాలి. తెలుగులో ఆ సంగతి మాటలో కనబడదు, అయినా అర్థమవుతుంది. ఇంగ్లీషులో కనబడి తీరాలి.

తప్పు: ది డాక్యుమెంట్స్ విచ్ మస్ట్ అటాచ్
ఒప్పు: ది డాక్యుమెంట్స్ విచ్ మస్ట్ బి అటాచ్డ్
ఇంకొక ఒప్పు: ది డాక్యుమెంట్స్ విచ్ యూ మస్ట్ అటాచ్

పని చేసేవారి పేరు చెప్పకపోతే ‘బి’ కావాలి. ‘యూ’ అని చేసేవారిని చెబితే ‘బి’ అక్కరలేదు.

3. ‘మే’ అనే మాట ఎందుకు జారిపోతుంది?

‘రావచ్చు’ అనే మాట నుండి క్రియాజన్య విశేషణం చేసి చూడండి. రాగల అంటాము. రావలసిన అంటాము. రాకూడని అంటాము. మరి ‘రావచ్చు’కు? మన వాడుకలో అలాంటి మాట లేదు. అందుకే ‘స్టూడెంట్స్ హూ మే బి కాల్డ్’ అన్నదాన్ని పిల్లలు ‘పిలిచే విద్యార్థులు’ అని చదివేస్తారు. ‘పిలిచే’ అంటే పిలుస్తారు అని ఖాయమైనట్టే అనిపిస్తుంది. ‘మే’ అన్న మాట ఆ దారిలో ఎక్కడో జారిపోయింది.

సరిగా చెప్పాలంటే ‘పిలిచే అవకాశం ఉన్న విద్యార్థులు’ అనాలి. మాట పొడుగైనా ఫరవాలేదు, అర్థం పోకూడదు. పిలుస్తారని నమ్మి ఇంకొక అవకాశం వదులుకున్న పిల్లవాడికి నష్టం. పిలవరులే అనుకుని పత్రాలు సిద్ధం చేసుకోని పిల్లవాడికి కూడా నష్టమే.

‘మే’ రెండు రకాలుగా వస్తుంది. ‘స్టూడెంట్స్ మే అప్లై’ అంటే దరఖాస్తు చేసుకోవచ్చు, అనుమతి ఉంది అని. ‘స్టూడెంట్స్ మే బి కాల్డ్’ అంటే పిలిస్తే పిలవవచ్చు, నిర్ణయం వారి చేతిలో ఉంది అని. ఎవరి చేతిలో నిర్ణయం ఉందో చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

నిబంధనలలో కనబడే మిగిలిన మాటల బలం ఇది.

మస్ట్: తప్పనిసరి.
షల్: నిబంధనల భాషలో మామూలుగా ఇది కూడా తప్పనిసరి అనే అర్థంలోనే వస్తుంది. బడిలో నేర్చుకున్న ‘ఐ షల్ గో’లోని భవిష్యత్తు అర్థం ఇక్కడ వెతకకండి.
షుడ్: చేయాలి, చేయడం మంచిది. ప్రకటనలలో దీన్ని కూడా చేయవలసిందిగానే భావించడం క్షేమం.
మస్ట్ నాట్: చేయకూడదు.
నీడ్ నాట్: చేయనవసరం లేదు, చేసినా తప్పు లేదు.

చివరి రెండింటినీ కలిపేయకండి. ‘డాక్యుమెంట్స్ విచ్ యూ నీడ్ నాట్ సెండ్’ అంటే పంపకపోయినా ఫరవాలేదు. ‘డాక్యుమెంట్స్ విచ్ యూ మస్ట్ నాట్ సెండ్’ అంటే పంపకూడదు. అసలు మార్కుల పట్టిక గురించి ఈ రెండో మాట ఉంటే, దాన్ని కవరులో పెట్టి పోస్టు చేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

4. ఫ్రేజల్ వెర్బు: చివరి మాట క్రియలో భాగం

‘అమ్మను చూడు’ అన్నదానికి, ‘అమ్మను చూసుకో’ అన్నదానికి తేడా మన ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొదటిది కంటితో చూడటం. రెండవది బాగోగులు కనిపెట్టి ఉండటం. ‘కో’ అనే చిన్న ముక్క అర్థాన్నే మార్చేసింది. ఇంగ్లీషులో ఆ పని చేసేది క్రియ పక్కన నిలబడే చిన్న మాట. ‘లుక్ ఎట్’ అంటే చూడు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకో.

చదువుకు, దరఖాస్తులకు సంబంధించి తరచుగా వచ్చేవి ఇవి.

ఫిల్ ఇన్: ఫారం నింపడం
సెండ్ ఇన్: కార్యాలయానికి పంపడం
హ్యాండ్ ఇన్: చేతికి అందజేయడం
టేక్ అప్: కోర్సు, ఉద్యోగం వంటివి చేపట్టడం
డ్రాప్ అవుట్: చదువు మధ్యలో మానేయడం
పే బ్యాక్: తిరిగి చెల్లించడం
టర్న్ డౌన్: తిరస్కరించడం
పుట్ ఆఫ్: వాయిదా వేయడం
గివ్ అప్: వదిలేయడం
క్యాచ్ అప్ ఆన్: వెనకబడిన పాఠాలు అందుకోవడం

చివరి మాట తీసేస్తే ఏమవుతుందో చూడండి. ‘పే’ అంటే చెల్లించు. ‘పే బ్యాక్’ అంటే పుచ్చుకున్నది తిరిగి చెల్లించు. ‘డ్రాప్’ అంటే జారవిడుచు. ‘డ్రాప్ అవుట్’ అంటే చదువు మానేయి. చిన్న మాట పోతే అర్థం మరొకటి అయిపోతుంది.

5. తెలుగులో మాయమయ్యేది ఇంగ్లీషులో మిగలాలి

ఇది ఈ పాఠానికి గుండెకాయ వంటిది. కొంచెం నిదానంగా చదవండి.

‘నేను ఈ బడిలో చదివాను’ అంటాము. దాన్ని వివరణగా మార్చితే ‘నేను చదివిన బడి’ అవుతుంది. ‘లో’ ఏమయింది? మాయమయింది. ‘నేను ఈ పెన్నుతో రాశాను’ అన్నది ‘నేను రాసిన పెన్ను’ అవుతుంది. ‘తో’ మాయమయింది. తెలుగులో ఇది తప్పు కాదు, మన భాష పద్ధతే అది. తమిళం, కన్నడం కూడా ఇదే పద్ధతి.

అదే అలవాటుతో ఇంగ్లీషులో రాస్తే ‘ది స్కూల్ విచ్ ఐ స్టడీడ్’, ‘ది పెన్ విచ్ ఐ రోట్’ అని రాస్తాము. రెండూ తప్పే. ‘ది స్కూల్ విచ్ ఐ స్టడీడ్ ఇన్’, ‘ది పెన్ విచ్ ఐ రోట్ విత్’ అనాలి. ఇంగ్లీషులో పేరు ముందుకు వెళ్ళిపోయినా దాని వెంట ఉండే చిన్న మాట వాక్యంలో ఎక్కడో ఒకచోట నిలవాలి.

ఫ్రేజల్ వెర్బులకు కూడా ఇదే నియమం.

మీరు నింపవలసిన ఫారం: ది ఫారం విచ్ యూ మస్ట్ ఫిల్ ఇన్
మేము చూసుకోవలసిన పిల్లలు: ది చిల్డ్రన్ హూమ్ వుయ్ మస్ట్ లుక్ ఆఫ్టర్
ఆమె వదులుకోకూడని సీటు: ది సీట్ విచ్ షి షుడ్ నాట్ గివ్ అప్

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ‘ఇట్’, ‘దెమ్’ అని మళ్ళీ చేర్చకూడదు. ‘ది ఫారం విచ్ యూ మస్ట్ ఫిల్ ఇట్ ఇన్’ తప్పు. ‘విచ్’ అన్నప్పుడే ఫారం వచ్చేసింది, ఇంకొకసారి ‘ఇట్’ అక్కరలేదు.

రెండవది, ఫ్రేజల్ వెర్బులోని చివరి మాటను ‘విచ్’ ముందుకు లాగకూడదు. ‘ది స్కూల్ ఇన్ విచ్ ఐ స్టడీడ్’ సరైన వాక్యమే, మర్యాదైన రాతలో మంచి వాక్యం కూడా. కాని ‘ది ఫారం ఇన్ విచ్ యూ మస్ట్ ఫిల్’ అనకూడదు. తేడా ఏమిటి? మొదటి ‘ఇన్’ బడికి చెందినది, ‘బడిలో’ అన్న అర్థం ఇస్తుంది. రెండవ ‘ఇన్’ క్రియకు చెందినది, ‘ఫిల్’తో కలిసి ‘నింపు’ అనే ఒకే అర్థం ఇస్తుంది. క్రియను ముక్కలు చేయలేము కదా. అలాగే ‘అప్లై ఫర్’ దగ్గర ‘ది స్కాలర్‌షిప్ ఫర్ విచ్ షి అప్లైడ్’, ‘ది స్కాలర్‌షిప్ విచ్ షి అప్లైడ్ ఫర్’ రెండూ చెల్లుతాయి. ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర మాత్రం ‘ఆఫ్టర్’ను కదపకండి.

వాక్యం చివర ఇన్, ఫర్, విత్ వంటి మాట రాకూడదని కొందరు పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్ 1672లో తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతలో ఇది లోపమని ఎత్తిచూపాడు. తరువాత వ్యాకరణ పుస్తకాలు దాన్ని నియమంగా పట్టుకున్నాయి. ఇంగ్లీషువారి మాటలో, రాతలో మాత్రం ఆ వాడుక ఎన్నడూ ఆగలేదు. నేటి వ్యాకరణాలు దాన్ని తప్పుగా లెక్కించవు. కాబట్టి చివర చిన్న మాట మిగిలిందని భయపడి కొట్టివేయకండి. కొట్టివేస్తేనే తప్పు.

6. రెండూ కలిస్తే వరుస ఇది

మోడల్ వెర్బు, ఫ్రేజల్ వెర్బు ఒకే వివరణలో వచ్చినప్పుడు ఈ వరుసను నోటికి పట్టండి.

పేరు, తరువాత హూ లేక విచ్ లేక దట్, తరువాత చేసేవారు, తరువాత మోడల్, తరువాత క్రియ, తరువాత చిన్న మాట.

ది లోన్ – విచ్ – యూ – మస్ట్ – పే – బ్యాక్.
మీరు తిరిగి కట్టవలసిన అప్పు.

‘హూ’ అన్నవారే పని చేసేవారయితే మధ్యలో వేరే చేసేవారు ఉండరు.

ఎ స్టూడెంట్ – హూ – మే – డ్రాప్ – అవుట్.
చదువు మానేసే ప్రమాదం ఉన్న విద్యార్థి.

చేసేవారిని చెప్పకపోతే ‘బి’ చేరుతుంది, చిన్న మాట అప్పుడు కూడా చివరనే ఉంటుంది.

ది అమౌంట్ – విచ్ – మస్ట్ – బి – పెయిడ్ – బ్యాక్.
తిరిగి చెల్లించవలసిన సొమ్ము.

చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. చేసేవారు వేరే ఉన్నప్పుడు ‘విచ్’ను, ‘దట్’ను వదిలేసి కూడా రాస్తారు: ‘ది ఫారం యూ మస్ట్ ఫిల్ ఇన్’. అర్థం అదే. కాని ‘ఎ స్టూడెంట్ హూ డ్రాప్స్ అవుట్’లో ‘హూ’ను వదలకూడదు, అక్కడ పని చేసేది ఆ ‘హూ’నే.

7. కామా ఉంటే ఒక అర్థం, లేకపోతే మరొకటి

ఈ రెండు వాక్యాలు చూడండి.

ది స్టూడెంట్స్ హూ మస్ట్ ఫిల్ ఇన్ పార్ట్ బి షుడ్ కమ్ ఆన్ మండే.
ది స్టూడెంట్స్, హూ మస్ట్ ఫిల్ ఇన్ పార్ట్ బి, షుడ్ కమ్ ఆన్ మండే.

మొదటి వాక్యంలో కామాలు లేవు. పార్ట్ బి నింపవలసినవారు కొందరే. వారు మాత్రమే సోమవారం రావాలి. రెండవ వాక్యంలో కామాలు ఉన్నాయి. విద్యార్థులందరూ రావాలి, అందరూ పార్ట్ బి నింపాలి. కామాల మధ్య ఉన్నది అదనపు సమాచారం మాత్రమే. కామాల మధ్య ‘దట్’ వాడరు, ‘హూ’ లేక ‘విచ్’ మాత్రమే వాడతారు.

8. నమూనా ప్రకటన చదువుదాం

అభ్యాసం కోసం మేము కూర్చిన ఐదు నిబంధనలు ఇవి. ముందు అర్థం చేతితో మూసి చదవండి.

స్టూడెంట్స్ హూ హ్యావ్ టేకెన్ అప్ ఎ ప్రొఫెషనల్ కోర్స్ మే అప్లై.
వృత్తివిద్యా కోర్సులో చేరిన విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇక్కడ ‘మే’ అనుమతి.

ఆల్ ది డాక్యుమెంట్స్ విచ్ మస్ట్ బి సెంట్ ఇన్ ఆర్ లిస్టెడ్ బిలో.
తప్పక పంపవలసిన పత్రాలన్నీ కింద ఇచ్చారు. జాబితాలో ఒక్కటి తగ్గినా దరఖాస్తు అసంపూర్ణమే.

ఒరిజినల్స్, విచ్ యూ మే బి ఆస్క్‌డ్ ఫర్ ఎట్ ది ఇంటర్వ్యూ, నీడ్ నాట్ బి సెంట్ ఇన్ నౌ.
అసలు పత్రాలు ఇప్పుడు పంపనవసరం లేదు. ఇంటర్వ్యూలో అడిగితే అడగవచ్చు. అంటే ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి.

అప్లికేషన్స్ దట్ ఆర్ నాట్ ప్రాపర్లీ ఫిల్డ్ ఇన్ మే బి టర్న్‌డ్ డౌన్.
సరిగా నింపని దరఖాస్తులను తిరస్కరించవచ్చు. నిర్ణయం వారి చేతిలో ఉంది, తప్పు దిద్దుకోవడం మన చేతిలో ఉంది.

ఎ స్టూడెంట్ హూ డ్రాప్స్ అవుట్ షల్ పే బ్యాక్ ది అమౌంట్ దట్ హ్యాజ్ బీన్ పెయిడ్ అవుట్.
చదువు మధ్యలో మానేసిన విద్యార్థి తనకు ఇచ్చిన సొమ్మును తిరిగి చెల్లించాలి. ‘షల్’ అంటే తప్పనిసరి. సంతకం పెట్టే ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన వాక్యం ఇది.

9. అభ్యాసం

కింది వాక్యాలలో తప్పులు సరిదిద్దండి.

అ) ది గర్ల్ హూ కెన్ స్పీక్స్ ఫోర్ లాంగ్వేజెస్ ఈజ్ మై సిస్టర్.
ఆ) దిస్ ఈజ్ ది ఫారం విచ్ యూ మస్ట్ ఫిల్ ఇట్ ఇన్.
ఇ) ది హాస్టల్ విచ్ హి లివ్స్ ఈజ్ నియర్ ది కాలేజ్.
ఈ) ది సర్టిఫికెట్ విచ్ మస్ట్ అటాచ్ ఈజ్ ది ఇన్‌కమ్ సర్టిఫికెట్.
ఉ) ది బాయ్ హూ షుడ్ టు హ్యాండ్ ఇన్ ది ఫారం ఈజ్ ఆబ్సెంట్.

ఇంగ్లీషులో చెప్పండి.

ఊ) తమ్ముణ్ణి చూసుకోవలసిన అమ్మాయి
ఎ) మనం వాయిదా వేయకూడని పని
ఏ) మేము ఇప్పుడు పంపనవసరం లేని పత్రాలు
ఐ) ఇంటర్వ్యూకు పిలిచే అవకాశం ఉన్న విద్యార్థులు
ఒ) నేను అందుకోవలసిన పాఠాలు

జవాబులు

అ) హూ కెన్ స్పీక్. కెన్ తరువాత ‘స్’ ఉండదు.
ఆ) విచ్ యూ మస్ట్ ఫిల్ ఇన్. ‘ఇట్’ తీసేయాలి.
ఇ) విచ్ హి లివ్స్ ఇన్, లేక ఇన్ విచ్ హి లివ్స్. ‘ఇన్’ ఎక్కడో ఒకచోట ఉండాలి.
ఈ) విచ్ మస్ట్ బి అటాచ్డ్.
ఉ) హూ షుడ్ హ్యాండ్ ఇన్. ‘టు’ రాదు.
ఊ) ది గర్ల్ హూ హ్యాజ్ టు లుక్ ఆఫ్టర్ హర్ బ్రదర్
ఎ) ఎ జాబ్ విచ్ వుయ్ మస్ట్ నాట్ పుట్ ఆఫ్
ఏ) ది డాక్యుమెంట్స్ విచ్ వుయ్ నీడ్ నాట్ సెండ్ ఇన్ నౌ
ఐ) ది స్టూడెంట్స్ హూ మే బి కాల్డ్ ఫర్ యాన్ ఇంటర్వ్యూ
ఒ) ది లెసన్స్ విచ్ ఐ మస్ట్ క్యాచ్ అప్ ఆన్

పదింటికి ఎనిమిది సరిగా వస్తే ఈ పాఠం వచ్చినట్టే. తక్కువ వస్తే రెండవ, ఐదవ భాగాలు మళ్ళీ చదవండి.

10. తల్లిదండ్రులకు ఒక మాట

ఇంగ్లీషు రాకపోయినా ఈ పాఠంలో మీరు చేయగల సాయం ఉంది. దరఖాస్తు నింపే రోజున పిల్లల పక్కన కూర్చుని, ప్రతి నిబంధననూ తెలుగులో చెప్పమనండి. చెప్పిన తరువాత మూడు ప్రశ్నలు అడగండి.

ఇది ఎవరి గురించి, అందరి గురించా, కొందరి గురించా?
ఇది తప్పనిసరా, వీలుంటే చేసేదా, చేయనవసరం లేనిదా, చేయకూడనిదా?
చేసేది మనమా, వాళ్ళా?

బిడ్డ తడుముకుంటే ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీయించండి. గీత గీసిన వాక్యాలను బడిలో ఉపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. తెలుగులో సరిగా చెప్పలేని నిబంధన బిడ్డకు ఇంగ్లీషులో కూడా అర్థం కాలేదనే అనుకోవచ్చు. ఇంట్లో తెలుగు నిలుపుకున్నందువల్ల మనకు కలిగే లాభాలలో ఇది ఒకటి. పిల్లల ఇంగ్లీషును సరిచూడటానికి మన దగ్గర ఒక త్రాసు ఉంది.

విద్యార్థులారా, ఈ వారం మీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తీసుకుని హూ, విచ్, దట్ వచ్చిన చోటల్లా గీత గీయండి. ఒక్కొక్క చోట మోడల్ వెర్బు ఉందా, చివర చిన్న మాట ఉందా చూడండి. రోజుకు ఐదు వాక్యాలు చొప్పున రాస్తే నెల తిరిగేసరికి నూట యాభై అవుతాయి. దరఖాస్తు మీద సంతకం మీదే కనుక, దానిలోని ప్రతి చిన్న మాటా మీకు తెలిసి ఉండాలి.